చప్పుడు చెయ్యని లోపం

పాత కారు కొనబోతూ "ఒకసారి వచ్చి చూడండి" అని ఎవరు పిలిచినా నేను కాదనను. బండిని పరీక్షించడం నాకు ఇష్టమైన పని. బానెట్ ఎత్తి ఆయిల్ కడ్డీ తీసి వేళ్ల మధ్య రుద్ది చూడటం, రాత్రంతా చల్లబడిన ఇంజన్ మొదటిసారి అందుకునేటప్పుడు చెవి ఒగ్గి వినడం, నేల మీద పడుకుని తుప్పు ఎక్కడిదాకా పాకిందో వెతకడం - ఇవన్నీ ఓపికతో అబ్బే విద్యలు. టెక్సస్‌లో ఉన్న ఏళ్లలో ఈ పని చాలా చేశాను. అక్కడ కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు మొదట క్యామ్రీయో అకార్డో కొంటారు. కాస్త స్థిరపడ్డాక మనసు స్పోర్ట్స్ కూపే మీదికి మళ్లుతుంది. కొత్తది అందుబాటులో ఉండదు కనక పదేళ్లో పదిహేనేళ్లో నడిచిన బండిని చూస్తారు. వాళ్లు నన్ను తీసుకెళ్లి చూపించిన బండ్లలో నా ఆలోచనను బాగా మార్చింది మజ్దా ఆర్‌ఎక్స్-8.

ఆ కారు పేరెత్తితే చాలు, తెలిసినవాళ్లందరూ ఇంజన్ గురించే మాట్లాడతారు. కొనేవాడి భయమంతా ఇంజన్ గురించే, అమ్మేవాడి హామీ అంతా ఇంజన్ గురించే. నిజానికి ఆ కారులో మనిషి ప్రాణం మీదికి తెచ్చే లోపాలు ఇంజన్‌లో లేవు. అవి ఉన్నచోటికి ఎవరి చెవీ పోదు, ఎందుకంటే అవి చప్పుడు చెయ్యవు. ఈ వారం చెప్పాలనుకున్నది ఆ తేడా గురించే.

మనకు మజ్దా అంటే స్వరాజ్ మజ్దా వ్యాన్లే గుర్తొస్తాయి. ఆ కంపెనీ కార్లు మన రోడ్ల మీద దాదాపు కనిపించవు. హిరోషిమాలో పుట్టిన ఆ సంస్థ 1967లో కాస్మో స్పోర్ట్‌తో మొదలుపెట్టి, మిగతా కంపెనీలన్నీ ఒక్కొక్కటిగా వదిలేసిన రోటరీ ఇంజన్‌ను పట్టుదలగా పట్టుకుని నిలిచింది. ఆ ఇంజన్‌తోనే 1991లో లె మాన్స్ ఇరవై నాలుగు గంటల పోటీ గెలిచింది. ఒక జపాన్ కంపెనీ ఆ పోటీ గెలవడం అదే మొదలు. 2003లో వచ్చి 2012లో ఆగిపోయిన ఆర్‌ఎక్స్-8 ఆ వరసలో చివరి స్పోర్ట్స్ కారు. చూడటానికి కూపే, కానీ వెనక సీట్లకు చిన్న తలుపులున్నాయి. అవి వెనకవైపు బందులతో ఎదురుగా తెరుచుకుంటాయి, మధ్యలో స్తంభం ఉండదు. ముందు ఇరుసుకు వెనగ్గా, కిందికి అమర్చిన తేలికైన ఇంజన్ వల్ల బరువు ముందూ వెనకా సమంగా పంచుకుంటుంది. మలుపులో ఆ కారు నడిపినవాళ్లు దాన్ని మరిచిపోలేరు. నేనూ మరిచిపోలేదు.

మామూలు ఇంజన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. రోటరీలో పిస్టన్లే లేవు. కోలగా ఉన్న రుబ్బురోలు గుంటలో మూడు మూలల పొత్రం తిరుగుతున్నట్టు ఊహించుకోండి. పొత్రానికీ గోడకీ మధ్య ఏర్పడే మూడు ఖాళీల్లో గాలీ పెట్రోలూ లోపలికి రావడం, నొక్కుకోవడం, మండటం, పొగ బయటికి పోవడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతుంటాయి. ఆర్‌ఎక్స్-8లో అలాంటి రోటర్లు రెండు, ఒక్కొక్కటి 654 సీసీ. మొత్తం 1.3 లీటర్లే. అయినా మాన్యువల్ గేర్ల బండిలో ఇంజన్ నిమిషానికి 9,000 చుట్ల దాకా అలవోకగా వెళ్తుంది. 2003లో దానికి అంతర్జాతీయ ఉత్తమ ఇంజన్ పురస్కారం వచ్చింది.

ఆ అందానికి ఒక ఖరీదుంది. రోటర్ మూడు మూలల్లోనూ సన్నటి లోహపు పట్టీలుంటాయి. వాటిని ఎపెక్స్ సీళ్లు అంటారు. గోడను ఎప్పుడూ ఒరుసుకుంటూ ఒక గది గాలి ఇంకో గదిలోకి పోకుండా ఆపేవి అవే. అవి అరిగితే కంప్రెషన్ పోతుంది. అరగకుండా ఉండటానికి ఇంజన్ తనంతట తానే కాస్త ఆయిల్‌ను లోపలికి చిమ్ముకుని మండించుకుంటుంది. కాబట్టి ఆయిల్ తాగడం ఈ బండికి జబ్బు కాదు, దాని నడవడే అంత. పెట్రోలు పోయించుకున్న రెండుసార్లకొకసారైనా కడ్డీ తీసి చూడకపోతే ఇంజన్ ఎండిపోతుంది. మొదటి ఏళ్ల కార్లలో కంప్యూటర్ ఆయిల్‌ను తక్కువగా వదిలేది. తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చి పెంచారు. 2009 నుంచి వచ్చిన మార్పు చేసిన మోడల్లో ఒక్కో రోటర్‌కు రెండు బదులు మూడు ఆయిల్ ఇంజెక్టర్లు పెట్టారు. అమెరికాలో 2004 నుంచి 2008 మోడళ్ల ఇంజన్ మూలభాగానికి వారంటీని ఎనిమిదేళ్లకు, లక్ష మైళ్లకు పొడిగించారంటే లోపం ఎంత విస్తృతమో తెలుస్తుంది.

ఈ లోపాలన్నీ మాట్లాడతాయి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, గ్యారేజీలోంచి పదడుగులు ముందుకు జరిపి, వెంటనే ఆపేస్తే ప్లగ్గులు పెట్రోలుతో తడిసిపోతాయి. మళ్లీ స్టార్ట్ కాదు. ఇగ్నిషన్ కాయిళ్లు నీరసించాయంటే పికప్ తగ్గుతుంది, ఇంజన్ కుదుపుతుంది. అందుకే 30 వేల మైళ్లకొకసారి వాటిని మార్చేసే యజమానులు చాలామంది. కాయిళ్లను పట్టించుకోకపోతే మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. కన్వర్టర్ కరిగి పూడుకుపోతుంది, వేడి వెనక్కి తన్ని ఇంజన్‌ను తినేస్తుంది. కంప్రెషన్ పడిపోయిన బండి పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా అందుకుంటుంది. అరగంట తిప్పి ఆపి, వేడి మీద మళ్లీ సెల్ఫ్ కొడితే మాత్రం తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు. అందుకే ఆర్‌ఎక్స్-8ను చూడటానికి వెళ్లినప్పుడు అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచినా, తిప్పనివ్వకపోయినా నేను ఒప్పుకోను. చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి స్టార్ట్ చేసి చూడాల్సిందే. ఆపైన రోటరీకి ప్రత్యేకంగా చేసిన గేజీతో కంప్రెషన్ కొలిపించాలి. మామూలు గేజీ మూడు గదుల్లో ఎక్కువ ఉన్నదాన్నే చూపిస్తుంది, చచ్చిన గది దాని వెనక దాక్కుంటుంది. నిమిషానికి 250 చుట్ల దగ్గర ఏ గదిలోనైనా 680 కిలోపాస్కల్స్‌కు తగ్గితే ఆ ఇంజన్‌కు రోజులు దగ్గరపడ్డాయని మజ్దా లెక్క.

ఇవన్నీ నేర్చుకోవలసినవే. నేర్చుకుంటే డబ్బు మిగులుతుంది. అయితే ఎపెక్స్ సీలు పోతే జరిగేది ఏమిటి? బండి ఆగిపోతుంది. టోయింగ్ ట్రక్కు వస్తుంది. జేబుకు చిల్లు పడుతుంది. మనిషి క్షేమంగా ఇంటికి చేరతాడు.

ఇప్పుడు రెండో జాబితా చూద్దాం. 2016లో మజ్దా ఆర్‌ఎక్స్-8లను రెండు వేరువేరు కారణాలతో రీకాల్ చేసింది. మొదటిది ముందు చక్రాల దగ్గర కింది కంట్రోల్ ఆర్మ్‌ల బాల్ జాయింట్. తయారీలో వచ్చిన లోపం వల్ల అది విరిగి ఊడిపోవచ్చు. చక్రాన్ని నిలిపి ఉంచేది ఆ జాయింటే. వేగంలో అది ఊడితే స్టీరింగు మన చేతిలోనే ఉంటుంది కానీ చక్రం మన మాట వినదు. రెండోది పెట్రోలు పంపు. ఇంజన్ నుంచీ పొగగొట్టం నుంచీ వచ్చే వేడికి ఏళ్ల తరబడి కాగి పంపు దగ్గరి భాగం పగిలి పెట్రోలు కారవచ్చు. రోటరీ వదిలే పొగ మామూలు ఇంజన్ పొగకన్నా బాగా వేడి. ఆ వేడి పక్కన కారే పెట్రోలు ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు.

మూడోది ఒక్క మజ్దాకే పరిమితం కానిది. తకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగులు. చరిత్రలోనే అతి పెద్ద వాహనాల రీకాల్ అది. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు మార్చాల్సివచ్చింది. హోండా, టొయోటా, బీఎండబ్ల్యూ, ఫోర్డ్ - చాలా పెద్ద కంపెనీలకు అది తగిలింది. ఏటేటా పెరిగిన ఆ జాబితాలో ఆర్‌ఎక్స్-8 కూడా ఉంది. ఢీకొన్న క్షణంలో బ్యాగును ఉబ్బించడానికి తకాటా వాడింది అమ్మోనియం నైట్రేట్. గనుల్లో పేలుళ్లకు వాడే పదార్థమే. బిళ్లలుగా చేసి చిన్న ఉక్కు డబ్బాలో పెట్టేవారు. పగటి ఎండ, రాత్రి చలి, గాలిలో తేమ - ఈ మూడూ కలిసి ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిళ్లలను గుల్లబారుస్తాయి. గుల్లబారిన బిళ్ల కావలసినదానికన్నా వేగంగా మండుతుంది. ఉక్కు డబ్బా ఆ ఒత్తిడికి తట్టుకోలేక పగులుతుంది. కాపాడాల్సిన బ్యాగులోంచి ఇనుప ముక్కలు ముఖంలోకీ మెడలోకీ దూసుకొస్తాయి. అమెరికాలో పాతిక మందికి పైగా అలా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. చిన్న దెబ్బతో పోవాల్సిన ప్రమాదాల్లో కూడా ప్రాణాలు పోయాయి. 2017లో తకాటా నేరం ఒప్పుకుంది, అదే ఏడాది దివాలా తీసింది.

వేడి, తేమ ఎక్కువున్న రాష్ట్రాల్లో ప్రమాదం ఎక్కువ. అందుకే అమెరికా ప్రభుత్వం దేశాన్ని మండలాలుగా విడగొట్టి, ఫ్లోరిడా, టెక్సస్, లూసియానా వంటి రాష్ట్రాలను మొదటి వరసలో పెట్టింది. హ్యూస్టన్‌లో జూలై మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు తలుపు తీసినప్పుడు ముఖానికి తగిలే ఆవిరి నాకు తెలుసు. స్టీరింగు మధ్యలో ఉన్న ఆ డబ్బా ఏళ్ల తరబడి ఆ ఆవిరిలోనే నానుతుంది.

ఈ మూడు లోపాల్లో ఒక్కటీ ముందుగా చప్పుడు చేస్తుందని నమ్మకం లేదు. బాల్ జాయింట్ విరిగే రోజుదాకా స్టీరింగు మామూలుగానే ఉండవచ్చు. పెట్రోలు వాసన వచ్చేసరికే కారడం మొదలై ఉంటుంది. ఎయిర్‌బ్యాగు సంగతి ఇంకా దారుణం. తాళం తిప్పగానే డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోతే అంతా బాగుందని మనం అనుకుంటాం. ఆ దీపం చెప్పేది తీగలూ సెన్సర్లూ సరిగా ఉన్నాయని మాత్రమే. డబ్బాలోని రసాయనం చెడిందో లేదో దానికి తెలియదు. ఏ మెకానిక్ చెవికీ కంటికీ అది అందదు. తెలుసుకోవడానికి దారి ఒక్కటే - కారు నంబరు పట్టుకుని కంపెనీనో ప్రభుత్వాన్నో అడగడం.

ఇక్కడే నన్ను బాధపెట్టేది ఉంది. నేను చూసిన పాత ఆర్‌ఎక్స్-8లలో వేల డాలర్లు పోసి ఇంజన్ కొత్తగా కట్టించుకున్నవి ఉన్నాయి. కొత్త కాయిళ్లు, కొత్త రేడియేటర్, ఖరీదైన చక్రాలు వేయించుకున్నవి ఉన్నాయి. వాటిలో కొన్నింటికి పైసా ఖర్చు లేకుండా చేసిపెట్టే రీకాల్ పని మాత్రం అలాగే మిగిలిపోయింది. వాటి యజమానులు నిర్లక్ష్యపు మనుషులు కారు. ఆ కారును ఎంతో ప్రేమించినవాళ్లు. ఇంజన్ ఆగిపోతే ప్రయాణం ఆగిపోతుంది కాబట్టి దానివైపు పరిగెత్తారు. రీకాల్ దేన్నీ ఆపదు. కారు రోజూ నడుస్తూనే ఉంటుంది. నడుస్తున్న బండిని షెడ్డుకు తీసుకెళ్లాలని మనసుకు తోచదు.

వ్యవస్థ కూడా ఆ మరుపుకు తోడ్పడుతుంది. రీకాల్ ఉత్తరం రిజిస్టరైన యజమానికి వెళ్తుంది. పదేళ్లు దాటిన కూపే అప్పటికి మూడు నాలుగు చేతులు మారి ఉంటుంది. ఉత్తరం పాత అడ్రసుకు పోతుంది. తకాటా విషయంలో మొదట్లో విడిభాగాలు చాలక, "మీ కారులో లోపం ఉంది, సామాను వచ్చాక కబురు చేస్తాం" అనే ఉత్తరాలు వెళ్లాయి. రెండో కబురు వచ్చేలోపు ఇల్లు మారినవాళ్లు, కారు అమ్మేసినవాళ్లు ఎందరో. రీకాల్ పని పెండింగులో ఉన్న సెకండ్ హ్యాండ్ కారును అమ్మకూడదని అమెరికాలో కేంద్ర చట్టం ఏదీ లేదు. అద్దెకార్ల కంపెనీలకు మాత్రం 2016 నుంచి అలాంటి నిషేధం ఉంది. జపాన్ ఇంకో మెట్టు పైకెళ్లింది. అక్కడ కార్లకు షాకెన్ అనే తప్పనిసరి తనిఖీ ఉంటుంది. ప్రమాదకరమైన తకాటా ఎయిర్‌బ్యాగు మార్పించుకోని కారుకు 2018 మే నుంచి ఆ తనిఖీలో పాస్ ఇవ్వడం మానేశారు. పాస్ లేని కారు రోడ్డెక్కదు. యజమాని ఎవరైనా, ఉత్తరం అందినా అందకపోయినా పని జరిగి తీరుతుంది. నాకు సరైన పద్ధతి అదేననిపిస్తుంది.

పాత స్పోర్ట్స్ కార్లకు ఇంకో ప్రమాదముంది. వాటి విడిభాగాలు చాలావరకు స్క్రాప్ యార్డుల నుంచి వస్తాయి. ఒకసారి ప్రమాదంలో బ్యాగు విచ్చుకున్న కారుకు ఇంకో పాత కారు స్టీరింగునో ఎయిర్‌బ్యాగునో బిగిస్తారు. అలా తీసి బిగించింది తకాటాదైతే, ఆ కారు నంబరు మీద రీకాల్ పూర్తయినట్టే చూపించవచ్చు, లోపల మాత్రం చెడిన డబ్బా ఉండవచ్చు. అందుకే కారు ఎప్పుడైనా ఢీకొందా, బ్యాగు మార్చారా, మారిస్తే ఎక్కడి సామాను అని అడగడం నాకు ఇంజన్ ఎన్ని మైళ్లు తిరిగిందని అడగడం కంటే ముఖ్యం.

అలా చూస్తూ చూస్తూ నా వరస మారిపోయింది. ఇప్పుడు బండి చూడటానికి వెళ్తే బానెట్ ఎత్తకముందే ముందు అద్దం మూల దగ్గర కనిపించే పదిహేడు అక్షరాల నంబరు రాసుకుంటాను. మనం ఛాసిస్ నంబరు అని పిలిచేది. అమెరికాలోనైతే ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే చేయించాల్సిన రీకాల్ పనులు అక్కడికక్కడే కనిపిస్తాయి. తర్వాత ముందు చక్రాన్ని జాకీతో లేపి, పన్నెండు గంటల స్థానంలో ఒక చెయ్యి, ఆరు గంటల స్థానంలో ఒక చెయ్యి పెట్టి ఊపి చూస్తాను. ఆట ఉంటే బాల్ జాయింటో బేరింగో అరిగినట్టు. టైర్ల అరుగుదల, బ్రేకు గొట్టాలు, కింద తుప్పు చూస్తాను. వెనక సీటు దగ్గర పెట్రోలు వాసన వస్తోందేమో చూస్తాను. ఇవన్నీ అయ్యాకే ఇంజన్. "అన్నా, ఇంజన్ ఎలా ఉంది?" అని పక్కనున్న తమ్ముడు తొందరపడతాడు. ఇంజన్ నీ డబ్బు సంగతి, ముందు నీ ప్రాణం సంగతి చూద్దాం రా, అంటాను.

ఇది అమెరికా కథే అనుకుని వదిలేయడానికి లేదు. 2017 జనవరిలో హోండా ఇండియా 2012లో తయారైన 41,580 కార్లను ఇవే తకాటా ఎయిర్‌బ్యాగుల కోసం వెనక్కి పిలిచింది. సిటీ, జాజ్, సివిక్, అకార్డ్. ఈ రోజు అవే కార్లు మన సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఉన్నాయి. కాకినాడలో, మచిలీపట్నంలో, విశాఖలో సముద్రపు గాలికీ ఎండకీ నిలబడే కారు పరిస్థితి టెక్సస్ తీరంలోని కారు కంటే మెరుగేమీ కాదు.

మన దేశంలో చాలాకాలం రీకాల్ కంపెనీల ఇష్టానికే ఉండేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, రీకాల్‌కు ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చారు. 2021 ఏప్రిల్ నుంచి నియమాలు అమల్లోకి వచ్చాయి. మంచి అడుగే. అయితే ఆ నియమాలు ఏడేళ్లలోపు వాహనాలకే. ఎయిర్‌బ్యాగు రసాయనం గుల్లబారడానికీ, వేడికి పెట్రోలు పంపు పగలడానికీ పట్టే కాలం తరచుగా అంతకన్నా ఎక్కువే. ఆర్‌ఎక్స్-8లో బాల్ జాయింట్, పంపు లోపాలకు రీకాల్ వచ్చేసరికి మొదటి కార్ల వయసు పన్నెండేళ్లు దాటింది. బండి పాతబడేకొద్దీ కొనేది కొత్తగా సంపాదన మొదలుపెట్టినవాళ్లు, కాలేజీ పిల్లలు, మధ్యతరగతి కుటుంబాలు. సర్వీస్ సెంటర్ గడప తొక్కే అలవాటు తక్కువున్నవాళ్లు. రక్షణ ఎక్కువగా కావలసింది వాళ్లకే.

మన దగ్గర కారు చేతులు మారినప్పుడు ఆర్టీవో కార్యాలయంలో ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టాలి. బీమా ఉందా, అప్పు తీరిందా అని చూస్తారు. అదే సమయంలో ఛాసిస్ నంబరు మీద చేయించాల్సిన రీకాల్ ఏదైనా ఉందేమో చూసి, ఉంటే పని అయ్యేదాకా పేరు మార్చకుండా ఆపితే చాలు. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించే ఫిట్‌నెస్ తనిఖీలోనూ అదే అడగవచ్చు. ఏడేళ్ల హద్దు తీసేయాలి. ఇందుకు పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. కంపెనీల దగ్గరున్న నంబర్ల జాబితా ఆర్టీవో కంప్యూటర్‌కు అందితే సరిపోతుంది.

చట్టం వచ్చేదాకా ఆ పని మనమే చేసుకోవాలి. మీ ఇంట్లో ఉన్న కారు ఛాసిస్ నంబరును ఈ వారమే కంపెనీ సైటులోనో సర్వీస్ సెంటర్‌లోనో అడిగి చూడండి. పని చేయిస్తే ఆ రసీదును ఆర్‌సీతో కలిపి ఫైల్లో పెట్టండి. అమ్మే రోజున తాళంచెవితో పాటు ఆ రసీదును కూడా కొనేవాళ్ల చేతికివ్వండి. చేయించని పని ఏదైనా ఉంటే దాన్ని ముందే చెప్పండి. ఒక పాత కారును మనం ఎంత బాగా చూసుకున్నామన్నది ఇంజన్ శబ్దం కాదు, ఆ కాగితం చెబుతుంది.